ఋణ గుర్తు

మే పద్నాలుగా, నవంబరు ఇరవయ్యొకటా?
నెట్ సెంటరు అతను మౌసు మీద వేలుంచి అడిగాడు.
ఫారంలో రెండు గుండ్రాలు.
ఒకటి నింపితే రెండోది మూసుకుపోతుంది.
రేపొస్తానన్నాను.
"రేపే ఆఖరు" అన్నాడు
ఖాళీ ఫారం ప్రింటుకి పది రూపాయలు పుచ్చుకుని.

మద్రాసులో పరీక్ష తేదీ ఎంచుకోవడమంటే
దేంతో తడవాలో ఎంచుకోవడమే.
మేలో కత్తిరి ఎండలు,
నేను గీసిన బాణం మీద చెమటబొట్టు పడి
బలం ఎటు లాగుతోందో నాకే తెలియకుండా పోతుంది.
నవంబరైతే వ్యాసర్పాడి సబ్‌వే నిండుతుంది
రైళ్ళు ఎక్కడివక్కడే.
పరీక్ష తాంబరంలో. మేముండేది పెరంబూరులో.

అమ్మ పంచాంగం తియ్యలేదు, ఖర్చుల డైరీ తీసింది.
మేకైతే డబ్బంతా ఇప్పుడే కట్టాలి,
నవంబరుకైతే సగం ఇప్పుడు
సగం దసరా బోనసులో.
డైరీ మూసి, "నీ ఇష్టం" అంది.
ఆ రెండు మాటల్లో ఇష్టం ఒక్కటే నాది.

ఫిజిక్స్ మేడం అంది:
"భ్రమణం నీకు రాదు. ఆ పాఠం నేను జూన్‌కి గాని ఎత్తుకోను.
అయినా మేలోనే రాసెయ్.
భయం పచ్చిగా ఉన్నప్పుడే వంగుతుంది."

నాన్న కోచ్ ఫ్యాక్టరీలో
బోగీ కింది స్ప్రింగుల్ని పరీక్షిస్తాడు.
ప్రెస్సు కింద నిలబెట్టి, బరువు మోపి,
ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో రాసుకుని
పచ్చ చుక్కో పసుపు చుక్కో పెడతాడు.
"నువ్వు సిద్ధమేనా అని స్ప్రింగుని ఎవరూ అడగరమ్మా" అన్నాడు.
చారన్నం కలుపుకుంటూ కాసేపాగి,
"నిన్ను అడుగుతున్నారు" అన్నాడు.

అసలు సంగతి పుస్తకం.
మూర్ మార్కెట్లో మూడు వందల నలభైకి
నేనూ జెసింతా చెరిసగం వేసుకుని కొన్నాం.
అట్ట లేదు. వెన్నుకి సైకిలు ట్యూబు ముక్క అంటించాం.
సోమ, బుధ, శుక్రాలు తనవి
మంగళ, గురు, శనివారాలు నావి
ఆదివారం ఎవరికి ముందు మెలకువొస్తే వాళ్ళది.
ఇద్దరం మేలోనే రాస్తే
ఏప్రిల్ నెలని నిలువునా చింపుకోవాలి.

స్టేషను వంతెన మెట్ల మీద చెప్పాను
నువ్వు మే తీసుకో, నేను నవంబరు.
"భయపడి కాదుగా?"
కాదన్నాను.
కింద గూడ్సు బండి పోతోంది.
యాభై ఎనిమిది పెట్టెలు లెక్కపెట్టాను
తన మొహం చూడకుండా.

వాలు మీద బల్ల పెడితే
బరువుని ఇటు ఇంత, అటు ఇంత అని విడదీస్తాం.
ఆ సాయంత్రం నా మాటలో
జెసింత ఎంతో, భ్రమణం ఎంతో
ఏ కోణం తీసుకున్నా విడదీయలేకపోయాను.

గుండ్రం నింపాను. అతను ఇంకో పది తీసుకున్నాడు.

మే పద్నాలుగు పొద్దుగూకాక
పుస్తకం బిర్యానీ కవర్లో మా ఇంటికొచ్చింది.
హాల్లో ఫ్యాను తిరగలేదట.
ఎలా రాశావంటే "దాహమేసింది" అంది, అంతే.
మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

నాలుగు వందల పన్నెండో పేజీ
స్ప్రింగు బొమ్మ పక్కన పెన్సిలుతో
తమిళంలో, తన వాలు రాతలో:
ఇక్కడ మైనస్ మరిచిపోతావు.
నేను మరిచిపోయాను.

చాలాసేపు చూశాను.
దాని కింద తెలుగులో రాసుకున్నాను: ఋణం.
ఇంకేం రాయాలో తోచలేదు.

వానలకి ఆర్నెల్లుంది.
భ్రమణం దగ్గర పేజీ అంచు మడిచే ఉంది
మడత తనదో నాదో గుర్తులేదు.
ఇవాళ శుక్రవారం.
లెక్కప్రకారం తన రోజు.
పుస్తకం నా ఒళ్ళో ఉంది.